ఎత్తిన చెయ్యి

సూజౌలో కాలవ పక్క సందులో ఆవిడ సూదుల వైద్యశాల. ముసలాయన లోపలికి రాగానే ఆవిడ గుర్తుపట్టింది. ఆయన ఆవిడని గుర్తుపట్టలేదు.

"నొప్పి భుజంలో ఉంటే సూది కాల్లో గుచ్చుతారేంటి, డాక్టరమ్మా?"

"కాలినీ భుజాన్నీ కలిపే దారి ఒకటుంది, పెద్దాయనా. అందులో ప్రాణశక్తి పారడం ఆగితే నొప్పి. ఇక్కడ కదిపితే అక్కడ పారుతుంది."

"లోపల ఏదో లాగుతోంది."

"శక్తి అందిందన్నమాట. నేను సూది తిప్పుతుంటాను, మీరు చెయ్యి ఎత్తండి."

"అది భుజం దాటి రాదమ్మా... అరె, వస్తోందే."

"ఇంకా పైకి. ఆనాడు విప్లవం పేరుతో బడి మైదానంలో తోలు బెల్టు పట్టుకుని ఎత్తారే, అంత పైకి."

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఎవరు నువ్వు?"

"మీరు మోకాళ్ళ మీద కూర్చోబెట్టి కొట్టిన సూదుల డాక్టరు కూతుర్ని. నన్ను ముందు వరసలో నించోబెట్టి చూడమన్నారు."

"సూది తీసెయ్యమ్మా. బతిమాలుకుంటున్నా."

"ఇంకాస్త లోతుకి దింపితే కేకలు పెడతారు. ఈ రోజు కోసం ఎన్నాళ్ళు చూశానో మీకు తెలీదు."

"ఏం కావాలి నీకు?"

"నాన్న మెడలో అట్ట వేలాడదీసి, దాని మీద ఆయన పేరు రాసి అడ్డంగా కొట్టేశారు. ఆ పేరు మీ నోటంట వినాలి. అందాకా చెయ్యి దించొద్దు."

"ఖ్వాంగ్ షూవెన్."

"గట్టిగా. డాక్టర్ అని కూడా అనండి. బయట కూర్చున్నవాళ్ళకి వినబడాలి."

"డాక్టర్ ఖ్వాంగ్ షూవెన్."

బయట కబుర్లు ఆగిపోయాయి. ఆవిడ సూది తీసి, నెత్తురు రాకుండా అక్కడ దూది అద్ది, బొటనవేలితో మెత్తగా నొక్కి పట్టుకుంది.

"ఇక దించండి. వచ్చే మంగళవారం మళ్ళీ రండి, ఒక్కసారితో నయం కాదు. అప్పుడూ ఆ పేరు చెప్పాలి."