మిగిలిన అధ్యాయం

రెండు కళ్ళకూ కట్టుతో ఆసుపత్రి మంచం మీద పడుకున్న వదినకు ఆడపడుచు ఒక సరదా ప్రేమ నవల చదివి వినిపిస్తోంది. చిన్న ఊళ్ళో బేకరీ నడిపే అమ్మాయికీ, గడియారాలు బాగుచేసే అబ్బాయికీ తెల్లారితే పెళ్ళి.

"'తెల్లారింది. పెళ్ళికొడుకు రాలేదు. పిల్లకి మూర్ఛలున్నాయని ఎవరో వాళ్ళ చెవిన వేశారట.'"

"చాల్లే! ఇలాంటి పుస్తకాల్లో పెళ్ళిళ్ళు చెడవు."

"అవును వదినా, ఇది పుస్తకంలో లేదు. మనింట్లో జరిగింది."

"ఎప్పటి మాట అది! ఇంకా తవ్వుతావేం?"

"నాకు మూర్ఛలెప్పుడొచ్చాయి?"

"రాలేదు. నువ్వు వెళ్ళిపోతే మంచాన పడ్డ మీ అమ్మకి ఎవరు చేస్తారు? నా వల్ల అయ్యే పనా? అందుకే చెప్పాను. సరేగానీ, తర్వాతేమైందో చదువు."

ఆడపడుచు పుస్తకం మూసేసింది.

"ఒక్క అధ్యాయమే మిగిలింది. కట్టు విప్పాక నువ్వే చదువుకో."

"అదీ నిజమేలే. ఎల్లుండి విప్పేస్తారుగా."

"ఆఁ, ఎల్లుండే."

వదినకు చూపు ఇక రాదని డాక్టరు ఆ పొద్దున వరండాలో ఆడపడుచు ఒక్కదానికే చెప్పాడు. ఆమె పుస్తకాన్ని వదిన చేతిలో పెట్టి, జారిపోకుండా వేళ్ళు ఒక్కొక్కటే దాని మీదికి మడిచింది.