మాటల మూల

ఎరీ సరస్సు ఒడ్డున, ఉక్కు మిల్లులు మూతపడ్డ ఊళ్లో, పోలిష్ పేట. నలభై ఏళ్లకు పైగా తాళం పడి ఉన్న రైల్వే స్టేషన్ని పేటవాళ్లే బాగు చేసుకుంటున్నారు. పెద్ద హాల్లో కమాను కింద ఒక మూల అక్కచెల్లెళ్లిద్దరు, ఎదురు మూల మేస్త్రి.

"కాజిక్! ఓ కాజిక్! వినబడుతోందా?"

"వినబడుతోంది బ్రోనియా! కానీ గోడలోంచి కాదు! మామూలుగా, గాల్లోంచే!"

"ఉండు, ఇంకోసారి అరుస్తా!"

"అరిచి చూడు! గోడకేసి!"

"కాఆఆజిక్!"

"అక్కా, నీకు పుణ్యముంటుంది, ఆపవే. నిన్ననే బిగించిన అద్దాలు ఊడి పడతాయి. పావురాలన్నీ ఎగిరిపోయాయి చూడు."

"నువ్వు నోర్మూసుకో స్టాషా. ఏం కాజిక్? ఇప్పుడు?"

"ఇప్పుడు నాలుగు వైపుల నుంచీ వచ్చింది! ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! అంతా హోరు!"

"ఆఁ?"

"హోరు!"

"ఏమంటున్నాడే?"

"హోరంటున్నాడు. మీ ఇద్దరి మధ్యా నేనో పోస్టుమాన్ని."

"ఉత్త పేరు పిలిస్తే తెలియట్లేదేమో. ఏదైనా పెద్ద మాట చెప్పి చూస్తా. కాజిక్! ఈ రోజు వంట చెప్తున్నా, విను! క్యాబేజీ చుట్టలు! బీట్‌రూట్ సూపు! వేయించిన ఉల్లిపాయతో పిరోగీలు!"

"ఏదో తిండి సంగతని తెలిసింది! ఏమిటో తెలియలేదు!"

"తిండి అయితే చాలు, చెవులు నిక్కబొడుచుకుంటాయి మహానుభావుడికి."

"అక్కా, ఒక్క నిమిషం ఆగి నాకు సరిగ్గా చెప్పు. రాత్రి క్లీవ్‌లాండ్ బస్సు దిగానో లేదో, తెల్లారేసరికి నన్ను లాక్కొచ్చి ఈ సున్నంలో నిలబెట్టావు. ఇంతకీ ఏం చేస్తున్నాం మనం? గోడతో దెబ్బలాటా?"

"ఇది మాటల మూల కదే! అమ్మ చెప్పేది, మర్చిపోయావా? ఈ మూల గోడకి చెప్పిన మాట కమాను మీదుగా పాకి ఆ మూల గోడలో దిగుతుంది. మధ్యలో నిలబడ్డవాడికి ఒక్క ముక్క వినబడదు."

"ఓహో, నాన్న యుద్ధానికి వెళ్లిన రోజు..."

"అదే. రైలు కూత వేసింది. తాతయ్య మీసం మెలేసుకుంటూ ఇద్దరి మధ్యా గోడలా నిలబడ్డాడు. నాన్న ఆ మూలలోంచి 'తిరిగొచ్చాక నన్ను చేసుకుంటావా' అన్నాడు. అమ్మ ఈ మూలలోంచి..."

"'ముందు తిరిగి రా' అంది. ఎన్నిసార్లు చెప్పిందో. వీధి చివరిదాకా వినబడేట్టు చెప్పేది. అవునూ, నాన్న ఇప్పుడు నువ్వు అరిచినట్టు అరిచుంటే, మధ్యలో తాతయ్యకి వినబడకుండా ఎలా ఉంటుందే?"

"తాతయ్యకి చెవులెక్కడున్నాయి? కొలిమి దగ్గర ముప్పై ఏళ్లు నిలబడ్డాడు. రెండూ మిల్లుకే ఇచ్చేశాడు."

"అదీ నిజమే. మనింట్లో ఉప్పు అందించమన్నా అరుపే కదా. పెళ్లయి వెళ్లిన కొత్తలో మా అత్తగారు నేను ఆయన్ని తిడుతున్నాననుకుంది. నేనడిగింది కాఫీ."

"నేనైతే మిల్లు క్యాంటీన్లో, ఆ మోతలో వడ్డించినదాన్ని. నువ్వైనా నయం, బట్టల కొట్టు."

"సరే, ఇప్పుడిది పలక్కపోతే ఏమవుతుంది? కొంపలేం మునగవుగా?"

"మునుగుతాయి! రెండింటికి హోల్‌బ్రుక్ మేడమ్ వస్తోంది, కమిటీ నుంచి. ఈ మూల పలికితే ఉంచుతారు. పలక్కపోతే ఇటు అడ్డగోడ కట్టేసి మరుగుదొడ్లు పెడతారట."

"మరుగుదొడ్లా! అమ్మ నాన్నకి జవాబిచ్చిన చోటా!"

"అందుకే అరుస్తున్నా. పాపం కాజిక్, కప్పు కారి కారి సగం టైల్స్ రాలిపోతే, రెండు చలికాలాలు పరంజా మీద వెల్లకిలా పడుకుని ఒక్కొక్కటీ పెట్టాడు. కళ్లల్లో సున్నం పడేది. పోనీ ఎవరైనా కుర్రాళ్లకి అప్పగించవయ్యా అంటే వినడు. వంపు వెంట్రుక వాసి తేడా వచ్చినా మాట జారిపోతుందంటాడు."

"జారిపోయిందేమో మరి."

"అనకు ఆ మాట!"

"బ్రోనియా!"

"ఆఁ! చెప్పు కాజిక్!"

"మీరు మానకండి! ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండండి! నేను గోడకి చెవి ఆనించే ఉంటా! మంచి చెవి! ఎడమది!"

"సరే! చెల్లీ, నువ్వు కూడా రా. ఇద్దరం కలిసి అరుద్దాం. ఒకటి, రెండు..."

"కాఆఆజిక్!"

"కాఆఆజిక్!"

"ఏమయ్యా? వచ్చిందా?"

"రాలేదు! నా తప్పే అయ్యుంటుంది! ఎక్కడో వంపు పోయింది!"

"నీ తప్పేం కాదు! నోరు మూసుకుని విను!"

"అక్కా."

"ఏంటి?"

"ఏడుస్తున్నావా?"

"లేదు. సున్నం పడింది."

"కళ్లల్లోనా, గొంతులో కూడానా? అయ్యో, ఇదేంటే! మరుగుదొడ్లు కడితే కడతారు, అంతమాత్రానికే ఏడుస్తారా? అదిగో, పరంజా మీద వాళ్లంతా పని ఆపి మనల్నే చూస్తున్నారు. ఇటు, గోడవైపు తిరుగు. ఇంకాస్త మూలకి జరుగు. ఇదిగో రుమాలు. ఇప్పుడు మెల్లిగా చెప్పు, ఏమిటి సంగతి? మెల్లిగా. వాళ్లకి వినబడాలా ఏం?"

"శుక్రవారం వెళ్లిపోతున్నాడు."

"ఎవరు?"

"పోప్ గారు! ఎవరేంటే, కాజిక్."

"ఎక్కడికి?"

"అరిజోనా. అక్కడ వాళ్ల అన్నయ్య ఉన్నాడు. టికెట్టు కొనేశాడు. ఈ మూల పలికితే కొన్నాళ్లుండి టికెట్ల కిటికీల పని కూడా చూస్తానన్నాడు. పలక్కపోతే నాకిక్కడ ఏముంది అన్నాడు. నా మొహం చూసి మరీ అన్నాడే, నాకిక్కడ ఏముంది అని."

"అలా అంటే నువ్వేమన్నావు?"

"సూపు చల్లారిపోతోంది తాగు అన్నాను."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. అక్కా, నిజం చెప్పు. నీకు అతనంటే..."

"ఛ, ఊరుకో. జిగ్గీ పోయి తొమ్మిదేళ్లు. ఈ వయసులో నాకు..."

"జిగ్గీ బావ ఈ మాట వింటే ముందు తనే నవ్వుతాడు. కాజిక్ అంటే ప్రాణం కదా ఆయనకి. మాట మార్చకు. అతను ఏమైనా అన్నాడా?"

"నోటితో అనలేదు."

"మరి?"

"డింగస్ రోజున, ఈస్టర్ మర్నాడు. ఇదే హాల్లో డాన్సు పెట్టారు. బాజాలు, బీర్లు, కుర్రాళ్లు నీళ్ల తుపాకులు పట్టుకుని అమ్మాయిల వెంటబడుతున్నారు. నేను వడ్డిస్తున్నా. కాజిక్ వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో గిన్నె, సున్నం వేసే బ్రష్షు. ముంచి నా నెత్తిన చల్లాడు."

"సున్నమా!"

"కాదే, మంచినీళ్లు. గోరువెచ్చగా కూడా ఉన్నాయి. చలివేస్తుందని కాచాడు కాబోలు. బ్రష్షు కొత్తది. దానికోసమే కొన్నాడు."

"ఓరి నీ... నీళ్లు చల్లాడు! మా అక్క మీద! మరి నువ్వు విల్లో కొమ్మతో తిరిగి కొట్టావా?"

"ఆ రోజు బీర్లు కూడా బాగా అమ్ముడుపోయాయి."

"అక్కా! కొట్టావా లేదా?"

"లేదు."

"ఏంటీ! డింగస్ రోజు మగాడు మనసుపడి నీళ్లు చల్లితే, ఆడది కొమ్మ తీసి కొట్టకపోతే అర్థమేంటో తెలీదూ? నువ్వు నాకక్కర్లేదు పో అని! పిల్లల పుట్టిన తేదీ మర్చిపోయినా మన పేటలో ఇది ఎవరూ మర్చిపోరు!"

"మెల్లిగా మాట్లాడు! నాకు తెలీక కాదు. కొమ్మ చేతిలోనే ఉంది. బల్ల మీద పెట్టిన గుత్తిలోంచి తీశాను కూడా. అంతలో ఫాదర్ గారు చూశారు, బేకరీ హెంకా చూసింది, పేటంతా చూస్తున్నట్టే అనిపించింది. అరవై ఎనిమిదేళ్లదాన్ని. నెత్తి మీంచి నీళ్లు కారుతున్నాయి. చెయ్యి లేవలేదు. నోరు పెగల్లేదు. నీళ్లు తుడుచుకుని, 'ఎన్ని పిరోగీలు వెయ్యమంటావు' అన్నాను."

"దేవుడా. అతనేమన్నాడు?"

"ఆరు అన్నాడు. పళ్లెం పట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడే టికెట్టు కొన్నాడు."

"నీకు నోరు పెగల్లేదంటే ఎవరైనా నమ్ముతారా? ఊరంతటికీ వినబడే నోరు."

"అరవడం వేరు, చెప్పడం వేరు. అరవడం మనకి ఎవరైనా నేర్పారా, పుట్టుకతోనే వచ్చింది. ఇది చెప్పడం నాకు రాదే. జిగ్గీకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. అన్నం పెట్టాను, బట్టలు ఉతికాను, తిట్టాను. ఆయన అర్థం చేసుకున్నాడు. కాజిక్ అర్థం చేసుకోకుండా వెళ్లిపోతున్నాడు."

"అయితే ఇప్పుడు చెప్పు. నాకు చెప్పు. నన్నే కాజిక్ అనుకో."

"నీ మొహం చూస్తే నవ్వొస్తుంది."

"గోడకి చెప్పు, గోడకి మొహం లేదుగా. చెప్పు. గొంతు సరిగ్గా రాకపోతే పోనీ."

"...ఉండిపో కాజిక్. నాకు నీ మేస్త్రి పని ఒక్కటే కాదు కావాల్సింది. నువ్వొచ్చి ఆ కుర్చీలో కూర్చుని సూపులో ఉప్పు తక్కువైందని సణుగుతుంటే ఇల్లు ఇల్లులా ఉంటోంది. నువ్వు రాని ఆదివారం నేను సూపే పెట్టను. ఆ రోజు కొమ్మ నా చేతిలోనే ఉంది. కొడదామనే తీశాను. పిరికిదాన్ని, కొట్టలేకపోయాను."

"అబ్బ, అక్కా."

"చాలా? చెప్పేశాను. గోడ వింది, ఇంకేం కావాలి."

"ఆ కొమ్మ ఏం చేశావు?"

"ఏం చేస్తాను, పారేశాను."

"బ్రోనియా."

"...సంచిలో ఉంది. తడిగుడ్డ చుట్టి పెట్టాను. మొగ్గలు రాలలేదింకా."

"ఓసి నా తల్లీ! ఇన్నాళ్లుగా మోస్తున్నావా! ఇప్పుడే వెళ్లి అతని మొహాన చెప్పు. రెండు కాకముందే."

"నేను చెప్పలేనే. మేడమ్ వస్తుంది, ఇది పలకదు, అతను శుక్రవారం వెళ్లిపోతాడు. అంతే. చూడు, పిచ్చి మనిషి, ఇంకా అలాగే గోడకి అంటుకుపోయి నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు. ఏడుస్తున్నాడా ఏంటి?"

"చెవి కూడా తియ్యలేదు. ఎడమ చెవేగా?"

"ఎడమదే. ఇంకోసారి అరిచి చూస్తా. పాపం ఆశపడుతున్నాడు."

"ఆగు. ఇప్పుడు నువ్వేమైనా అన్నావా?"

"నేనేం అన్లేదు. నువ్వే కదా గుసగుసలాడావు?"

"నేనెక్కడ? గోడలోంచి, నా చెవి పక్కనే ఎవరో..."

"అరవకు బ్రోనియా. నువ్వు మెల్లిగా చెబితేనే వస్తోంది, సూపు దగ్గర్నుంచీ ప్రతి ముక్కా విన్నాను. ఆ కొమ్మ తీసుకుని ఇటు రా, గట్టిగానే కొట్టు."