ఆ పిల్లల ప్రార్థనకు ఆమెన్

"అత్తా, మేము గూడా పిల్లోల్లను తెచ్చుకోని కొన్నాళ్ళు సాకుదామని అప్లికేషన్ పెడ్తాండాం. మీ ఇంటికి ఆ ఇద్దరు ఆడపిల్లలు వచ్చినప్పుడు ఇల్లెట్ల సిద్ధం చేసుకుంటిరి?"

ఇల్లుదేముంది సుజాతా, రొంత సున్నం కొడ్తే ఇల్లు సిద్ధమైపోతాది. మనిషి సిద్ధమయ్యేదే... కూచో, ఆ మంచమ్మీద కూచో. యాడ్నుంచి చెప్పాల నీకు? నాకే ఇప్పటికీ అంతా కలగాపులగంగా ఉండాది.

మాకు బిడ్డల్లేరు, నీకు తెలుసు గదా. ఇరవై ఏండ్లు, కాదు కాదు, ఇరవై రెండేండ్లు అడిగినా దేవుణ్ణి. మా ఆడబిడ్డ రూతమ్మ బత్తలపల్లెలో ఉంటాది సూడు, ఆయమ్మకు నలుగురు. నాకు ఒగరు గూడా... సర్లే, ఆ మాట పోనీ. మా ఇంటాయన గోడలు కట్టే బేల్దారి పనికి ధర్మవరం పోయినప్పుడు యాడనో విన్యాడు. చూసుకునే దిక్కులేని బిడ్డల్ని మనింట్లో పెట్టుకోని సాకొచ్చంట, దత్తత కాదంట, కొన్నాళ్ళకేనంట. ఆ 'కొన్నాళ్ళు' అనే మాట నేను విననేలేదు. విన్యానేమో. విన్యా గూడా లోపలికి పోలేదు.

అప్లికేషన్ పెడ్తే, ఆ పిల్లల ఆఫీసు నుంచి ఒగ మేడమ్ వచ్చి ఇల్లంతా చూసె. శెనక్కాయ మూటలు యేసుకునే అర్ర ఉండ్య గదా, అది పిల్లలకియ్యాలనె. పురుగుమందు డబ్బాలు తీసెయ్యాలనె, నీళ్ళ సంపుకు మూత ఉండాలనె. మూత ఈయనే సిమెంటుతో పోసె. అర్ర నేను కడిగితి. కొళాయి వారానికి రెండు తూర్లే వస్తాండె, ఆ నీళ్ళే మిగిలించుకోని కడిగితి. నాలుగు తూర్లు కడిగినా మందు వాసన పోలే. మోకాళ్ళ మీద కూచోని నేల రుద్దుతా రుద్దుతా దేవునితో మాట్లాడుకుంటాంటి. చర్చిలో మోకాళ్ళూనితే ఎప్పుడూ 'నాకియ్యి తండ్రీ' అనేదే నా నోట్లో వచ్చేది. ఆ నేల మీద మాత్రం, ఏమో మరి, 'వాళ్ళు యాడుండారో, అన్నం తిన్యారో లేదో చూడు తండ్రీ' అని వచ్చె. మొగం తెలీని బిడ్డల కోసరం! ఇది నేనేనా అనుకుంటి.

చిన్న బిడ్డలొస్తారని మేడమ్ చెప్తే నేను ఇంతింత గౌన్లు కుట్టి పెట్టింటి. తీరా వచ్చింది సువర్ణ, తొమ్మిదేండ్లది. దాని చెల్లెలు గంగ, ఐదేండ్లది. గౌన్లు ఒగటీ పట్టలే. వాళ్ళ నాయన ఎప్పుడో ఇడ్సిపెట్టి పోయినాడు. అమ్మకు టీబీ, అనంతపురంలో పెద్దాసుపత్రిలో ఉండె.

మొదటి పూట సంగటి పెట్టి నేను కండ్లు మూసుకుంటి. సువర్ణ అడిగె, "మేము గూడా మూసుకోవాల్నా?" అని.

"నీ ఇష్టం పాపా."

"మీ దేవుడు రోగం బాగుచేస్తాడా?"

"చేస్తాడు."

"అయితే మాయమ్మకు బాగుచెయ్యమని చెప్తా."

ఆ పొద్దు నుంచి దినమూ సందకాడ అన్నం ముందర అదే అడిగేది. 'దేవుడా, మాయమ్మకు దగ్గు పోవాల, మమ్మల్ని ఇంటికి తీసకపోవాల' అని. నేను ఆమెన్ అనాల. మొదట్లో బాగానే అంటాంటి. ఆర్నెల్లకో ఏడ్నెల్లకో, పెద్దమ్మా పెద్దమ్మా అని తిరిగే గంగ ఒగ దినం నేను జడ ఏస్తాంటే నోరు జారి 'అమ్మా' అనె. అంతే. ఆ సందకాడ నాకు ఆమెన్ రాలే. దగ్గినట్ల చేసి అన్నం కలుపుతి.

రొండు మూడు దినాలు అట్లనే జరిగె. సువర్ణ ఊరికె ఉంటాదా?

"పెద్దమ్మా, నువ్వు ఆమెన్ అనలే."

"అన్యాలే పాపా."

"అనలే. నాకు వినపళ్ళే."

మా ఇంటాయనతో చెప్పుకుంటి. ఆయన తాపీ కడుగుతా, "అర్ర కడిగింది వాళ్ళ కోసరమా, నీ కోసరమా రాహేలూ?" అనె. నాకు ఒళ్ళు మండిపాయ. పోయి సంపు గట్టు మీద కూచుంటి. ఆ తల్లి సావాలని నేను అడగలే, సుజాతా. దేవుని మీద ఆన, అడగలే. కానీ 'మాయమ్మ బతకాల' అని ఆ బిడ్డ అడిగితే నేను ఆమెన్ అనకపోతే, అదీ ఇదీ ఒగటేనా? కాదా? ఈ పొద్దుటికీ నాకు తెలీదు. అప్పుడు తోచె, ఇన్ని నెలలైనా ఆ తల్లి పేరు గూడా నేను అడగలేదని. లేచి లోపలికి పోతి.

"సువర్ణా, మీయమ్మ పేరేమి?"

"లక్ష్మీదేవి."

"ఈ పూట ప్రార్థన నేను చెప్తా."

పేరు పెట్టి అడిగితి. లక్ష్మీదేవికి బలమియ్యి తండ్రీ, ఆమె బిడ్డలు ఆమెకు చేరాల అని. ఆమెన్ అని గట్టిగా అంటి, అరిచినట్లే అంటి. కన్నీళ్ళు సంగటి ముద్దలో పడె. సువర్ణ నా ముంత నీళ్ళు నా ముందరికి జరిపె.

వాళ్ళొచ్చిన పదో నెల్లో లక్ష్మీదేవి రోగం నయమై బిడ్డల కోసరం వచ్చె. పుల్ల మాదిరి ఉండాది. లోపలికి రమ్మంటే గడప దాటదు. "చిన్నది నా మొగం మర్చిపోయింటాది అక్కా" అనె. గంగ నా కొంగు చాటున దాక్కున్యాది. నేనే దాని చెయ్యి పట్టుకోని తీసకపోయి ఆమె చేతిలో పెడితి. ఆ బలం నాకు యాడ్నుంచి వచ్చెనో... నాది కాదు, అది మాత్రం తెలుసు.

నేను అడిగింది ఆయన ఇయ్యలే. ఇచ్చింది ఉంచలే. అయినా యేసయ్య నాకు ఇంత దగ్గర ఎప్పుడూ లేడు. ఇదెట్ల? నీకేమన్నా తెలిస్తే చెప్పు.

ఏడుస్తావేందే, పిచ్చిదానా. ఇట్ల రా. తల మీద చెయ్యి పెట్టనీ. నీ ఇంట్లో బిడ్డల కాళ్ళు తిరగాల. వాళ్ళను పంపించే దినం వస్తే, వస్తాది, ఆ దినం ఆ తండ్రి నీ పక్కన నిలబడాల. అంతకంటే ఏమడగాలో నాకు తెలీదు తల్లీ...