బెల్లం గోడౌన్లో దిక్కుల పరీక్ష

ఏంటమ్మాయ్, గున్నేశ్వరరావు గారా? మా రామతులసక్కయ్య భర్త, మా బావగారు. పోయి చాలా ఏళ్ళయింది. రాజమండ్రిలో ఫిజిక్స్ లెక్చరరు. డెబ్బై ఎనిమిదిలో అనుకుంటా, తుఫాను వెళ్ళిన మర్సటేడు, వేసవి సెలవలకి మా పెనుగొండ వచ్చి, "జోగేశ్వర్రావూ, నీ బెల్లం గోడౌను ఖాళీయేగా, నాకిస్తావా?" అన్నారు. రాజమండ్రిలో రైలు వెళ్తే ఆయన ప్రయోగం అద్దాలు వణికిపోతాయిట. ఎందుకు బావగారూ అంటే, "తూర్పుకీ ఉత్తరానికీ తేడా ఉందో లేదో చూడాలయ్యా" అన్నారు. నేను వాస్తు అనుకున్నాను! అది కాదుట. ఈ చోటు ఉందే, మన చుట్టూ, ఇది అన్ని వైపులా ఒకేలా ఉందా, వెలుతురు ఎటుపోయినా ఒకే వేగంతో పోతుందా అని. సరే, నూనె తొట్టి, అందులో తేలే చెక్క, దాని మీద రాతిపలక, పలక మీద అద్దాలు. ఒక్క దీపం వెలుగే రెండుగా చీలి, అటొకటి ఇటొకటి వెళ్ళి మళ్ళీ కలిస్తే చారలు పడతాయి. పలక తిప్పినప్పుడు చారలు జరిగితే దిక్కుల్లో తేడా ఉన్నట్టు. మరి బెల్లం గోడౌనాయె, అద్దాల నిండా చీమలు! అక్కయ్య పూటపూటా పసుపు చల్లేది.

ఓ మధ్యాహ్నం చారలు జరిగాయమ్మా! బావగారు పంచె ఎగ్గట్టుకుని నడిబజార్లో పరుగు. కబురెళ్తే మర్నాడు రాజమండ్రి నుంచి వాళ్ళ కాలేజీ ప్రిన్సిపాల్ గారూ వాళ్ళూ కార్లో దిగారు. ఒక్కొక్కరే కన్ను పెట్టి చూసి, "గున్నేశ్వరరావు గారూ, మీ పేరు దేశాలు దాటిపోతుందండీ" అంటుంటే అక్కయ్య గుమ్మం పక్కన కళ్ళొత్తుకుంటోంది. బావగారు మాత్రం పడమటి గోడకి అరచెయ్యి ఆనించి నిలబడిపోయారు. ఎండకి కాలిపోతోంది అది. "గోనెలు తడిపి ఈ గోడకి కట్టించవయ్యా" అన్నారు. ప్రిన్సిపాల్ గారు ఆయన చెవిలో, "ఇప్పుడెందుకండీ, ఫలితం వచ్చేసింది కదా" అన్నారు, నాకు వినపడింది. ఈయన వింటేనా? గోడ చల్లారింది. పలక తిప్పారు. చారలు కదల్లేదు. మళ్ళీ తిప్పారు. ఊహూఁ. "గోడ వేడికి ఇటువైపు గాలి వేడెక్కిందండీ, అంతే. తేడా ఏం లేదు. తొందరపడి మిమ్మల్ని పిలిచాను" అని అందరికీ దణ్ణం పెట్టారు. వాళ్ళు నవ్వుకుంటూ కారెక్కారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ గోడ ముట్టుకోకపోతే ఏం పోయేది బావగారూ?" అన్నాను. ఆయన నేరుగా అక్కయ్య దగ్గరికెళ్ళి, "రామతులసీ, నువ్వింతవరకూ చూడనేలేదు, రా" అని స్టూలు మీద కూర్చోబెట్టి, పలక మెల్లిగా తిప్పుతూ, "కదుల్తున్నాయా?" అంటారు. "లేదండీ" అంటుంది. "ఇప్పుడో?" "లేదండీ." ఆవిడ లేదండీ అన్నప్పుడల్లా ఆయన మొహం చూడాలమ్మా, ఏదో గెల్చుకున్న వాడిలాగా... అక్కయ్య కూడా నవ్వేస్తోంది...

సరేగానీ, మజ్జిగ తాగుతావా?