టర్బైన్ మళ్ల ఆగింది

పొద్దుగూకుతాంది. నల్లగొండల మమత, ఛత్తీస్‌గఢ్‌ల ఒక కరెంటు ప్లాంటుల టర్బైన్ ఆపరేటర్‌గ చేసే ఆమె భర్త దివాకర్. ఫోన్ల.

“...మళ్ల ఆగింది.”

“ఏంది? ఇంట్ల మోటరా?”

“ఇంట్ల మోటర్ మంచిగనే ఉంది. కంప్యూటర్ల ఆట. మన బిడ్డ కోమల హాస్టలుకు వోయేటప్పుడు నాకు అప్పజెప్పి వోయింది గదా, గా ఆటల టర్బైన్.”

“నిన్ననే గదా సరిజేసినం.”

“నిన్న నడిచింది. ఇయ్యాల వంద డిగ్రీలు దాటి కూసుంది. ఆటల మనుషులు చీకట్ల ఒకల మొకం ఒకలు చూస్తున్నరు.”

“పగటీలి తిన్నవా?”

“తిన్న. ఇంట్ల తినెటోళ్లు లేరు గదా, గీ ఆటలోళ్లకే వండి వెడ్తున్న. ఉప్పెక్కువైందని గూడ అనరు. మీరేం తిన్నరు?”

“అదే.”

“అదే అంటే?”

“మెస్సుల ఏముంటది మమతా, రోజుండేదే. స్టీమ్ ఎంతుంది?”

“చూసినరా, స్టీమ్ అనంగనే గొంతు లేస్తది. నూట ముప్పై ఉంది.”

“స్టీమ్ బాగనే ఉంది. టర్బైనే సల్లవడలేదు. ఆవిరితోని నడిచేదే గని, దాని ఒళ్లు వేడెక్కితె ఆగిపోతది. చుట్టు సల్లనీళ్ల పైపు తిప్పినవా?”

“తిప్పిన. మొదట్ల కూలర్ గడ్డి తడిపినట్టు పైకెల్లి నీళ్లు గుమ్మరిస్తె మీరే గదా నవ్విన్రు. పెండ్లయినంక గంతసేపు నవ్వింది గదొక్కసారే.”

“పైపుల నీళ్లు కదులుతున్నయా?”

“మనింట్ల కూలర్ గూడ కాలింది, చెప్పుడు మర్శిన.”

“మెకానిక్ సురేశ్‌ను పిలువు, బాగుచేస్తడు. పైపుల నీళ్లు కదులుతున్నయా?”

“...లేదు. నిలవడ్డయి.”

“ఐతె పంపు చూడు.”

“చూస్త. తొందరేముంది? డ్యూటీకి పోవాల్నా?”

“ఇంక జర టైముంది.”

“కట్టంగూర్ నుంచి మీ అక్క ఫోన్ చేసింది. తమ్ముడు నాతోని రెండు ముక్కలు మాట్లాడడు, నీతోని గంతసేపు ఏం మాట్లాడుతడే అన్నది. నీళ్ల పైపుల గురించి అన్న. నమ్మలే.”

“...పంపు?”

“బందుంది. ఎట్ల బందయిందో.”

“తనంతట తాను బంద్ గాదు గదా.”

“ఏమో. ఆదివారం కోమల మళ్ల వస్తదట. సెన్సార్ వెడ్తదట. ఇగ ఎన్నడు ఆగదమ్మా, నాయినను సతాయించుడు బంద్ చెయ్ అన్నది.”

“సెన్సారా?”

“ఆఁ. వేడెక్కంగనే పంపు దానంతటదే నడుస్తదట.”

“వద్దను.”

“ఎందుకు?”

“సెన్సార్లను నమ్మొద్దు.”

“మీ ప్లాంటుల లేవా?”

“...మస్తున్నయి.”

“మరి?”

“మరేం లేదు. కోమల నాకు గూడ ఫోన్ చేసింది, నిన్న.”

“ఏమన్నది?”

“పోయిన ఆదివారం ఇంటికొచ్చినప్పుడు తలుపు సందుకెల్లి చూసిందట. నాయినా, టర్బైన్‌కు ఏం కాలే, అమ్మనే పొద్దుగూకంగ పంపు బంద్ వెట్టి నీకు ఫోన్ చేస్తాంది అన్నది.”

“ఆగున్రి, పొయ్యి మీద పాలున్నయి.”

“మమతా.”

“ఉన్న.”

“రేపు పంపు గాదు, వాల్వు మూయి. పంపయితె ఒక్క మాటల అయిపోతది. వాల్వు ఎక్కడ మూసుకుందో ఎతుకుడు జర ఎక్కువ సేపు వడ్తది.”