బిగించని మర

మాస్టారు పోయిన నెల్లాళ్లకి, ఆయన డార్క్‌రూమ్‌లోని ఫొటోలు పెద్దవి చేసి అచ్చువేసే నిలువెత్తు పాత ఎన్‌లార్జర్‌ని కొనుక్కోవడానికి శిష్యుడు వచ్చాడు. మాస్టారి భార్య లైటు వేసింది.

"లెన్సుకి బూజు లేదమ్మా, తిత్తికి చిల్లు లేదు. కన్నబిడ్డలా చూసుకున్నారు."

"తీసుకెళ్లు నాయనా. నీకైతే దాని విలువ తెలుసు."

"ఫోకస్ తిప్పే ఎడమ నాబ్ మాత్రం బాగా అరిగింది. మాస్టారిది కుడిచెయ్యి కదా?"

"నాది ఎడమచెయ్యి."

"మీరు తిప్పేవారా?"

"చివరి ఎనిమిదేళ్లూ ఆయనకి చూపు ఆనేది కాదు. బొమ్మ అలుక్కుపోయినట్టు వచ్చేది. ఆయన ఫోకస్ పెట్టి, ఫొటో కాగితం కోసం అటు తిరగ్గానే నేను సరిచేసేదాన్ని. ఆ సంగతి తెలియకుండానే వెళ్లిపోయారు. నాకదొక్కటే తృప్తి."

"మరి ఈ మర ఎవరు వదులు చేసేవారమ్మా?"

"ఏ మర?"

"ఇదిగో, నాబ్ పక్కనే. ఫోకస్ పెట్టగానే దీన్ని బిగించాలి. బిగిస్తే ఇక నాబ్ తిరగదు. మేం మరిచిపోతే మాస్టారు చెవి మెలేసేవారు."

"నేను దాన్నెప్పుడూ ముట్టుకోలేదే! చెయ్యి వేస్తే నాబ్ తేలిగ్గానే తిరిగేది."

శిష్యుడు తల దించుకున్నాడు. ఆమె ఆ మరని వేలితో తాకి చూసింది.

"కాగితాల పెట్టె ఆయన చేతికందే చోటే ఉండేది నాయనా. అంతసేపు ఏం వెతుకుతారని రోజూ విసుక్కునేదాన్ని."