సుంకులమ్మ ఎద్దు కొమ్ము

వీరాచారి అని బొమ్మలేసేవాడంట. మనిషినైనా గొడ్డునైనా ఎదురుగా నిలబెట్టి, దారంతో కొలిచి, ప్రతి కొలతకూ ఒక ముడేసి, ఎంతుంటే అంతే గోడమీదికి దించుతాడని పేరు. ఆయనా అట్లాగే చెప్పుకునేవాడనుకో. వానకు బొమ్మ చెరిగితే మళ్ళీ వెయ్యడానికని ఎవరి దారం వాళ్ళ పేరున దూలానికి కట్టి ఉంచేవాడు. ఏరువాక పున్నానికి సుంకులమ్మ తన ఇంటి గోడమీద తన ఎద్దును వేయించుకుంది. మొగుడు లేని మనిషి, ఉన్నది ఆ ఒక్క ఎద్దే. దానికి ఎడమ కొమ్ము కురచ. కురచ కొమ్ము గోడకెక్కితే ఇంటికి కీడంటారు గదా ఆ పక్క? అందుకని ఈయన దారానికి సరిగ్గానే ముడేశాడు గానీ, బొమ్మలో మాత్రం రెండు కొమ్ములూ సమానంగా లాగేశాడు. మంచికే అని వంచినా గీత వంచినట్టే, ఏమంటారు?

తర్వాత ఏమైందంటే, ఎద్దు పోయింది. వెతగ్గా వెతగ్గా పక్కూరి బుస్సప్ప కొట్టంలో కనపడింది. నాదంటే నాదన్నారు. వీరాచారి కొలత తప్పడు, ఆ బొమ్మే నాకు సాక్షి అని సుంకులమ్మే, తీర్పు చెప్పే ఊరి రెడ్డినీ, ఎద్దుతో సహా అందర్నీ గోడ దగ్గరికి తోలుకొచ్చింది. రోజూ చూసి చూసి, కొమ్ము కురచ సంగతే మరిచి, గోడమీదిదే తన ఎద్దనుకుంది, పాపం. ఆ మాట చెవిన పడ్డాక వీరాచారికి కాలు నిలవలా. రంగు నూరతాడు, వదిలేస్తాడు. వాకిట్లోకొస్తాడు, లోపలికి పోతాడు. నిజం చెప్తే రేపట్నుంచి గోడ ఇచ్చేవాడుండడు, చెప్పకపోతే ఆమెకు సేద్యముండదు. "ఏందయ్యా ఆ తిరుగుడు, నా కళ్ళు తిరుగుతున్నాయి! పోతే పో, లేదంటే కూర్చో" అని పెళ్ళాం కసిరిందంట. దూలానికి సుంకులమ్మ పేరున కట్టిన దారం లాక్కుని పోయాడు.

అక్కడ బుస్సప్ప పలుపు పట్టుకుని నవ్వుతున్నాడు. "చూడు రెడ్డీ, బొమ్మలో కొమ్ములు సమం. నా గొడ్డుకు కురచ. ఇంకేం కావాల?" వీరాచారి దారం తీసి ఎద్దుకు పట్టాడు. మూతికి, మూపురానికి, కాలికి, కురచ కొమ్ముకు, ముడి ముడికీ సరిపోయింది. రెడ్డి అదే దారం తీసుకుని గోడమీది ఎడమ కొమ్ముకు పెడితే చాల్లేదు. "ఏం చారీ, దారం అబద్ధమా, బొమ్మ అబద్ధమా?" "బొమ్మే రెడ్డీ. చూస్తూ చూస్తూ నేనే వేశాను." ఒక ముసలమ్మ, "నా ముక్కు కూడా సరిచేసినావా నాయనా?" అంటే, తలొంచుకుని "చేశానమ్మా" అన్నాడంట.

ఎద్దు సుంకులమ్మకొచ్చింది. మర్నాడే వీరాచారి రంగు కలుపుకుని, కొమ్ము సరిచేస్తానని పోతే, ఆమె గోడకు అడ్డం నిలబడింది. "నీకు దణ్ణం పెడతా నాయనా, దాని జోలికి రావద్దు. ఇంటికి కీడు!" విన్నారా? తప్పు ఒప్పుకోడానికి ఆయనకొక పూట పట్టింది. తుడవడానికి ఈమె ఈనాటికీ ఒప్పుకోలేదు.